దసరాకి ఆపిన మెషిను

మా ఆఫీసులో ఆ మెషిన్ని ఎవరూ ఆపకూడదని రూలు పెట్టింది నేను. ఎందుకు ఆపకూడదో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు.

అప్పటికి తొంభైలు సగం దాటాయి. చోడవరం మెయిన్ రోడ్డులో ఒక ఎరువుల కొట్టు పైన రెండు గదులు మా ఆఫీసు. కిందనుంచి ఎప్పుడూ యూరియా బస్తాల వాసన. విశాఖపట్నంలో కంప్యూటర్ డిప్లొమా చేసి, రోజూ బస్సులో నిలబడి వెళ్ళే ఖర్మ తప్పి సొంతూళ్ళోనే ఉద్యోగం దొరికిందని పొంగిపోయిన మనిషిని నేను. మా సారు విశాఖలో ఏదో పెద్ద ఆఫీసు వదిలించుకున్న పాత యూనిక్స్ సర్వర్ని కొనుక్కొచ్చారు. దానికి బయట రెండు డిస్కు పెట్టెలు, ఒకదాని మీద ఒకటి. దాన్ని చూసుకోవడమూ నా పనే, దాంట్లో టైపు చెయ్యడమూ నా పనే. ఊళ్ళో అలాంటి మెషిను ఇంకోటి లేదు కాబట్టి నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

చిన్న కాలువల కింద ఏ పొలానికి ఎప్పుడు నీటి వంతో రాయించే పని ఒక స్వచ్ఛంద సంస్థ మాకు ఇచ్చింది. ఆ పని మీద ప్రతి లక్ష్మివారం రావికమతం వైపునుంచి బస్సెక్కి ఒక ముసలాయన వచ్చేవాడు. ఆయన తన ఊరికి నీరటి. కాలువ నీళ్ళని వరసప్రకారం పొలాలకి కట్టడం ఆయన పని, అంతకుముందు ఆయన తండ్రి పని. ఏ మడి తర్వాత ఏ మడి తడవాలి, దేనికి పూట నీళ్ళు, దేనికి సగం పూట, అదంతా ఆయన నోట్లోనే ఉంది. ఏ కాయితం మీదా లేదు. ఆయనకి చదువు రాదు. కళ్ళకి పొరలు కమ్మి, మా మెట్లు గోడ తడుముకుంటూ ఎక్కేవాడు. నేను తాతా అని పిలిచేదాన్ని.

"కాయితమ్మీద ఎట్టేయమ్మా," అన్నాడు మొదటిరోజే, కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా. "నానున్నన్నాళ్ళూ నా మాట ఇంటారు. నాను పోయేక ఎగువోళ్ళు దిగువోళ్ళకి సుక్క నీరు ఒగ్గరు. రాసుంటే ఒగ్గుతారు."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఎగువ రైతులు వరి మానేసి చెరకు వేశారు. చెరక్కి ఏడాది పొడుగునా తడి కావాలి. వాళ్ళు పెద్ద రైతులు, నలుగురిలో మాట చెల్లేవాళ్ళు. దిగువన ఉన్నవి చిన్న చిన్న వరి మడులు. వాటికి కాలువ మీద హక్కుంది అనడానికి ఆ ముసలాయన నోరు తప్ప ఇంకో ఆధారం లేదు. పైగా చూపు ఆనక ఆ ఏడు రెండుసార్లు ఒకరి నీళ్ళు ఇంకొకరికి కట్టాడు. దాంతో ఆ నోటికీ విలువ తగ్గుతోంది.

తాత కళ్ళు మూసుకుని చెప్పేవాడు. చేత్తో గట్టు తెగ్గొడుతున్నట్టు గాల్లో గీస్తూ, కాలువ వెంట నడుస్తున్నట్టే చెప్పేవాడు. "గుర్రపుడెక్క మడి. దాని కింద సవితి సెక్క. సవితి సెక్కకి సగం పూటే, ఎక్కువ కడితే పక్కోడి గట్టు జారిపోద్ది. రాసేవా?" రాశాను తాతా అంటే అప్పుడు తర్వాతి మడిలోకి అడుగుపెట్టేవాడు. ఇలా ఆషాఢం వెళ్ళేసరికి ఎగువ సగం అయింది. సంస్థవాళ్ళు దాన్ని ప్రింటు తీయించి ఊళ్ళో ఇచ్చారు కూడా. శ్రావణం నుంచి దసరా దాకా దిగువ సగం చెప్పాడు. అసలు ఆయన మా మెట్లు ఎక్కింది ఆ సగం కోసమే.

ఇక మెషిను సంగతి. రెండు డిస్కుల మీదా ఒకే సమాచారం పడేలా నేను మిర్రర్ కట్టాను. ఏ డిస్కు బాగుంది, ఏది చెడింది, ఏది దేనికి జత అన్న లెక్కని మెషిను విడిగా రాసి పెట్టుకుంటుంది. దాని పేరు స్టేట్ డేటాబేస్. ఆ లెక్క పోతే డిస్కులున్నా మెషినుకి దిక్కు తెలియదు గనక దానికి నకళ్ళు పెట్టాలి. వాటిని రెప్లికాలు అంటారు. మెషిను లేచేటప్పుడు ఈ నకళ్ళన్నిటినీ అడుగుతుంది. సగానికి మించి ఒకే మాట చెబితేనే నమ్ముతుంది, లేకపోతే లేవనని మొరాయిస్తుంది. తగువు తీర్చడానికి కూర్చోబెట్టిన పెద్దమనుషుల్లాంటివే అవి. మూడు డిస్కులుంటే మూడుచోట్ల పెట్టుకుని నిశ్చింతగా ఉండొచ్చు. మాకున్నవి రెండే. ఒక్కోదాని మీద రెండేసి పెట్టాను. అంటే డిస్కు ఒకటి పోతే మిగిలేది సరిగ్గా సగం, సగానికి మించి కాదు. నడుస్తున్న మెషిను నడుస్తూనే ఉంటుంది. ఒకసారి ఆపితే మాత్రం తనంతట తను లేవదు. ఇది మాన్యువల్లో చదివి, పెన్సిలుతో గీత కూడా గీసుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

కానీ సారుతో అన్న మాట వేరు. "ఒకటి కాలిపోయినా రెండోది ఉంటాది సార్, ఏటీ పోదు," అని గొప్పగా చెప్పాను. తర్వాత టేపు డ్రైవు పాడై, బ్యాకప్ ఆగిపోయి, దాన్ని రిపేరుకి పంపుదామా అన్నప్పుడు సారు నా మాటే నాకు అప్పజెప్పారు. "ఏటీ పోదన్నావు కదా. ఇంక టేపెందుకు?" అన్నారు. నాలిక కరుచుకుని ఊరుకున్నాను.

శ్రావణంలో, ఎగువ సగం సరిచూసి తాత దిగువ సగం ఎత్తుకోకముందే, ఒక వానరోజు కింది పెట్టె దీపం ఆకుపచ్చ నుంచి కాషాయానికి మారింది. డిస్కు పోయింది. మెషిను మాత్రం ఏమీ జరగనట్టు రెండో డిస్కు మీద నడుస్తోంది. నేను చెయ్యాల్సింది రెండు నిమిషాల పని. చచ్చిన డిస్కు మీది రెండు రెప్లికాల్నీ లెక్కలోంచి తీసేస్తే మిగిలిన రెండే మొత్తం అవుతాయి, మెషిను ఆపినా లేస్తుంది. ఆ తర్వాత సారుకి చెప్పి కొత్త డిస్కు తెప్పించాలి.

రెండూ చెయ్యలేదు. విశాఖనుంచి ఎవరో కుర్రాణ్ణి, నాకంటే పెద్ద కోర్సులు చేసినవాణ్ణి, తెచ్చుకుందామని సారు అప్పటికే అటూ ఇటూ మాట్లాడుతున్నారు. ఏటీ పోదన్న నోటితోనే ఒకటి పోయింది సార్ అనాలంటే నాకు నోరు రాలేదు. రిజిస్టరులో కూడా రాయలేదు, రాస్తే సారు చూస్తారని. నాకు గుర్తుగా ఉంటుందని చెడిన పెట్టె మీద సుద్దముక్కతో చిన్న గీత పెట్టాను, అంతే. దసరా వెళ్ళాక చూద్దాంలే అనుకున్నాను. యూపీఎస్ ఉంది, కింద కొట్టువాళ్ళ జనరేటరు ఉంది, అదెందుకు ఆగుతుంది అనుకున్నాను. అట్టముక్క మీద "ఈ మెషిను ఆపరాదు" అని రాసి గోడకి అంటించాను. ఆ రెండు నెలలూ తాత పక్కన నిలబడి చెబుతుంటే నా చూపు ఆ కాషాయం దీపం మీదే ఉండేది, ప్రాణం రెండో డిస్కు చప్పుడు మీద ఉండేది.

దసరాకి సారువాళ్ళమ్మగారు ఆయుధపూజ సామానుతో ఆఫీసుకి వచ్చారు. పసుపు, కుంకం, గంధం, బంతిపూలు, మామిడాకులు, దిష్టికి బూడిద గుమ్మడికాయ. ఆవిడ మంచి మనిషి. చేతులు వణుకుతున్నా అన్నీ తనే చేస్తానంటారు. మెషిను ఇంకా బుయ్యిమంటుంటే ముక్కున వేలేసుకున్నారు.

"ఆపేయమ్మా. ఏడాదంతా సాకిరీ సేసే పనిముట్టు. ఈ ఒక్కరోజు కూడా కునుకు తియ్యనివ్వవా?"

"ఇది ఆపకూడదండీ," అన్నాను.

సారు తలెత్తారు. "ఏం, ఆపితే ఏటవుతాది? రెండు డిస్కులున్నాయి కదా?"

అది చెప్పడానికి దొరికిన సమయం. తల్లీకొడుకులు ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఒకటి పోయింది సార్, ఎనిమిది వారాలైంది అంటే తిట్లతో అయిపోయేది. కనీసం నోరు మూసుకుని ఆ రెండు నిమిషాల కమాండు కొట్టి ఆపినా అయిపోయేది. అదీ చెయ్యలేదు. కీబోర్డు ముందు నేను అంతసేపు కూర్చుంటే సారు వచ్చి వెనక నిలబడతారని భయం.

"ఏటీ అవదు సార్," అని నా చేత్తోనే ఆపాను. కేబుళ్ళు కూడా నేనే ఊడదీసి ఇచ్చాను.

నేను గుమ్మానికి మామిడాకులు కడుతుంటే అమ్మగారు అన్నిటినీ తడిగుడ్డతో తుడిచారు. డిస్కు పెట్టెల్ని దింపి, కొత్త తువ్వాలు పరిచి, వాటిని మళ్ళీ దొంతరగా పెట్టి గంధం పూసి బొట్లు పెట్టారు. పూలు చుట్టారు. హారతిచ్చారు. గుమ్మడికాయ మెట్ల కింద పగలగొట్టించారు. నేను దండం పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో ఎవరికీ తెలియదు. ఈ గండం గట్టెక్కించు తల్లీ, రేపే అంతా చెప్పేస్తాను, అన్నాను.

మధ్యాహ్నం కేబుళ్ళు పెట్టి మెషిను వేశాను. రెండు పెట్టెల దీపాలూ ఆకుపచ్చగా వెలిగాయి. చచ్చిందనుకున్న డిస్కు కాసేపు చల్లబడి మళ్ళీ లేచింది! దండం ఫలించిందని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషం నిమిషం కూడా లేదు. మెషిను సగంలో ఆగి, రెప్లికాలు ఒక మాట మీద లేవని తెర మీద రాసింది. రెండు నకళ్ళు నేటి సంగతి చెబుతున్నాయి. మిగిలిన రెండూ శ్రావణంలో పడుకుని ఇప్పుడే లేచినవి, వాటికి ఆ తర్వాత జరిగిందేమీ తెలియదు. ఎవరి మాట తీసెయ్యాలో నువ్వే చెప్పు అని మెషిను నన్ను అడుగుతోంది.

తెర మీద డిస్కులకి పేర్లుండవు, నంబర్లే. ఒకదానిది రెండు, ఇంకోదానిది మూడు. చెడింది ఏ నంబరు? రిజిస్టరు చూద్దామంటే దాంట్లో రాయలేదు. సుద్దగీత చూద్దామంటే తడిగుడ్డకి పోయింది, దాని మీద గంధం ఆరిపోయి ఉంది. వెనకాల సారు. పక్కన ప్రసాదం గిన్నెతో అమ్మగారు. "ఏటైంది?" అని సారు అన్నారు. "ఏటీ లేదు సార్, ఒక్క నిమిషం," అన్నాను. చెడింది కింది పెట్టె, అది మాత్రం నాకు బాగా తెలుసు. వంగి కింది పెట్టె వెనక నంబరు చూశాను. మూడు. మూడో నంబరు డిస్కు మీది రెప్లికాలు రెండూ తీసేశాను.

మెషిను లేచింది. సారు చప్పట్లు కొట్టారు. మిర్రర్ సరిచేసుకుంటున్నాను అన్నట్టుగా మెషిను ఒక డిస్కులోంచి రెండోదానిలోకి కాపీ చేసుకోవడం మొదలుపెట్టింది. తెర మీద శాతం పెరుగుతుంటే నేను దాని ముందు కూర్చుని పులిహోర తిన్నాను. ఆవపెట్టిన పులిహోర, బాగుంది, ఇంకొంచెం అడిగి పెట్టించుకున్నాను కూడా.

సెలవులయ్యాక వచ్చి తాత ఫైలు తెరిస్తే అది శ్రావణంలో ఆగిపోయి ఉంది. చివరి తారీఖు ఆ వానరోజుది, దిగువ సగంలో ఒక్క మడీ లేదు. మళ్ళీ తెరిచాను. అన్ని చోట్లా వెతికాను. అమ్మగారింటికి నడిచి వెళ్ళి, "పూజప్పుడు పెట్టెలు ఎలా ఉన్నాయో అలాగే పెట్టేరా అండీ?" అని అడిగాను.

"కింద దానికి బొట్టెడదామంటే నడుం ఒంగలేదమ్మా. ముందు దాన్ని పైకి తీసి బొట్టెట్టి, రెండోదాన్ని దాని కింద ఎట్టేను. తప్పా?"

తప్పు ఆవిడది కాదు. మంచి డిస్కు కిందికి వచ్చింది. నేను దాని సాక్ష్యం కొట్టేసి, రెండు నెలలు నిద్రపోయిన డిస్కు మాట నమ్మమన్నాను. మెషిను నా మాట విని ఆ పాత సరుకంతా మంచిదాని మీద పొల్లుపోకుండా కాపీ చేసింది. నేను తింటూ చూస్తున్నది అదే.

సారుకి మాత్రం "ఆపి వేసేసరికి పాడైంది సార్," అన్నాను. ఆ మాట అమ్మగారి చెవిన పడింది. "నా సెయ్యి మంచిది కాదురా, నాను ముట్టుకున్నాను," అని ఆవిడ కొడుకుతో అనడం గది బయటనుంచి విన్నాను. లోపలికి వెళ్ళి కాదండీ అనలేదు. ఆ తర్వాత ఆవిడ మా ఆఫీసు మెట్లు ఎక్కలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

లక్ష్మివారం తాత వచ్చాడు. ఈసారి చెప్పడానికి కాదు, కాయితం పట్టుకెళ్ళడానికి. వరి పొట్టమీద ఉంది, ఇంకొక్క తడి అందితే గింజ కడుతుంది. ఎగువవాళ్ళు నీళ్ళు ఆపేస్తామంటున్నారు. కాలువ మధ్యలో మదుము, అంటే నీళ్ళు వదిలే తూము, దాని పలక ఎత్తితేనే దిగువకి నీళ్ళు. ప్రింటు కాయితంలో మదుము దాకానే పొలాలున్నాయి, ఆ కింద ఏవీ లేవు, కాబట్టి పలక ఎత్తే పని లేదని వాళ్ళు కాయితం చూపిస్తున్నారు. అది మేమిచ్చిన కాయితమే.

"మిగతాది ఇయ్యమ్మా. ఆదివారం అందరూ మదుము కాడ కూకుంటన్నారు."

"పోయింది తాతా," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. ఎక్కడికి పోయిందని అడిగాడు. మెషినులోంచి పోయిందన్నాను. గోడ తడుముకుంటూ మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. తర్వాత, "పోతే పోనీ. నువ్వున్నావు కదా. ఆదివారం నువ్వు రామ్మా," అన్నాడు.

ఆదివారం సారు స్కూటరు మీద తీసుకెళ్ళారు. మదుము దగ్గర గట్టు మీద ఒకవైపు ఎగువవాళ్ళు, ఇంకోవైపు దిగువవాళ్ళు. పలక దగ్గర తాత. అక్కడిదాకా నీళ్ళు వచ్చి పలకని తాకి ఆగి ఉన్నాయి. అవతల మడుల్లో వరి చిక్కగా, పచ్చగా ఉంది కానీ అడుగున నేల నెర్రెలు విచ్చింది. తాత దిగువ వంతులన్నీ వరసగా చెప్పాడు. ఎగువ పెద్దరైతు ఒకాయన ప్రింటు కాయితం పైకెత్తి చూపించాడు.

"నువ్వు సెప్తే ఎలాగ? కనపడక ఈ ఏడు రెండుసార్లు తప్పు కట్టేవు. దిగువోళ్ళు సెప్తే వాళ్ళ మడి వాళ్ళు సెప్పుకుంటారు. ఇంకో నోరు ఉందా?"

"ఉంది," అన్నాడు తాత. "దసరాకి ముందే ఈయమ్మకి అంతా సెప్పేను. ఈయమ్మే రాసింది."

అందరూ నా వైపు చూశారు. నేను చెప్పేశాను. ఈయన చెప్పడం నిజం, నేను రాయడం నిజం, డిస్కు చెడిపోయిందని రెండు నెలలు దాచాను, పూజ రోజు మంచిది ఏదో చెడ్డది ఏదో పోల్చుకోలేక నేనే పోగొట్టాను, ఇందులో అమ్మగారి తప్పు లేదు, ఈ తాత తప్పు అసలే లేదు, అన్నాను. సారు నా మొహం చూడకుండా స్కూటరు తాళాలు చేతిలో తిప్పుకుంటున్నారు. ఉద్యోగం పోయిందని అక్కడే తెలిసింది. అయినా గుండె మీద బరువు దిగినట్టయింది. కష్టమైన పని అయిపోయిందనుకున్నాను.

పెద్దరైతు కాయితం మడిచాడు. ఆయన గొంతు మెత్తబడింది. "సరేనమ్మా, నువ్వు అబద్ధం ఆడతన్నావని నానను. రెండు నెలలు రాసేవు కదా. ఈ మదుము కిందన మొదట ఏ మడి, దాని తర్వాత ఏ మడి? రెండంటే రెండు పేర్లు సెప్పు. ఇతను సెప్పిందానికి కలిస్తే పలక నానే ఎత్తుతాను."

తాత అప్పుడే, నా ముందే అన్నీ చెప్పాడు కదా, అవి అప్పజెప్పొచ్చు అనుకుంటారేమో. ఆయన చెబుతున్నంతసేపూ నేను సారు ముందు ఏం ఒప్పుకోవాలా అని లోపల మాటలు కూర్చుకుంటున్నాను. ఆ ముందు ఎనిమిది లక్ష్మివారాలు డిస్కు చప్పుడు వింటున్నాను. ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి పేరూ నా వేళ్ళలోంచి వెళ్ళింది. ఒక్కటీ నా చెవిలో ఆగలేదు. నేను ఆయన మాట ఒక్కరోజూ వినలేదు.

తాత నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పి నిలబడ్డాడు. ఆయన మొహంలో ఏ అనుమానమూ లేదు.

"కంగారు పడకమ్మా," అన్నాడు. "నెమ్మదిగా గేపకం తెచ్చుకో. నీకు అన్నీ సెప్పేను కదా."

పెద్దరైతు ఓపిగ్గానే ఆగాడు. దిగువవాళ్ళలో ఒకామె నా వైపు రెండడుగులు వేసి, పేరు అందించబోయి, అందిస్తే చెల్లదని గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆ మడుల వంక చూస్తూ నిలబడ్డాను. ఒక్క పేరూ రాలేదు.

కాసేపటికి ఎగువవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. తాత ఇంకా నా వైపు చెవి పెట్టుకునే ఉన్నాడు.